ఐసు పెట్టిన ఇంజను

బండి డీజిల్ ఎక్కువ తాగుతోందంటే అందరూ ముందు డ్రైవరు ముఖం చూస్తారు. తర్వాత ట్యాంకు కింద చూస్తారు. ఇంజను దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు ఉద్యోగం ఊడి ఉంటుంది. ముప్పై ఏళ్ళు డీజిల్ బండ్ల మధ్య బతికాను గనక ఈ మాట అంటున్నాను. పైగా ఒకసారి నేనే అలా ఒక పెద్దమనిషి ఉద్యోగం ఊడగొట్టేదాకా వచ్చాను. కొత్తగా స్పానర్ పట్టుకున్న పిల్లలు ఆ సంగతి వింటే మంచిది. నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, స్పానర్ల మీద అంకెలు చదువుతాను. మిగతాదంతా నోటితో చెప్పేదే.

మా షెడ్డు మనుబోలు దగ్గర హైవే పక్కన ఉండేది. పెట్టింది నా మొగుడు. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పడం ఆయన పని, వాటిని డీజిల్లో కడగడం నాది. నాజిల్లోంచి డీజిల్ పొగమంచులాగా రావాలి, ఉచ్చ పోసినట్టు రాకూడదని ఆయన చెప్పేవాడు. అంతకంటే మంచి పాఠం నాకు ఇంకెవరూ చెప్పలేదు. ఆయన గుండె ఆగి పోయాక, సామాన్లు అగ్గువకు కొందామని చాలామంది పరామర్శకు వచ్చారు. అమ్మనన్నాను. మొదటి ఏడాది షెడ్డుకు వచ్చినవాళ్ళు, నేను బిగించిన నట్టును అవతలికి పోయి తమ చేత్తో ఇంకోసారి బిగించి చూసుకునేవాళ్ళు. అలా బిగించి ఇద్దరు మరలు తెంపుకున్నారు. అవి బాగుచేసి పంపింది కూడా నేనే.

నేను చెప్పబోయే పికప్ బండి నలుగురు ఆడవాళ్ళది. దొరవారిసత్రం అవతల పులికాట్ ఒడ్డు పల్లె వాళ్ళది. నలుగురూ కలిసి కొనుక్కొని, తెల్లారేసరికి చేపలు, రొయ్యలు ఐసులో సర్దుకొని నెల్లూరు మార్కెట్టుకు పోయేవాళ్ళు. కంప్యూటర్లు లేని పాత రకం ఇంజను, చేత్తో ట్యూనింగ్ చేసుకోగలిగినది. నలుగురిలో పెద్దామె మాటే బండికి స్టీరింగు. బండి నడిపేది ఆమె వియ్యంకుడు. ఆమె కూతురు ఆయనకు కోడలు. ఆయన అంతకుముందు పడవ మీద ఇంజను చూసేవాడు. తాడు చుట్టే యంత్రంలో కుడిచేతి రెండు వేళ్ళు పోయాక సముద్రం మానేశాడు. ఇంట్లో ఖాళీగా కూర్చుని కుమిలిపోతున్న మనిషిని పిలిచి స్టీరింగు చేతికిచ్చింది పెద్దామే.

ఒకరోజు మార్కెట్టు నుంచి తిరిగొస్తూ బండిని మా షెడ్డు ముందు ఆపించి దిగింది. ఆయన టైర్లు చూస్తున్నట్టు పదడుగుల దూరంలో నిలబడ్డాడు.

"అమ్మణ్ణీ, పోయినేడు ఈ బండి లీటరుకి పన్నెండు కిలోమీటర్లు ఇచ్చింది. ఇప్పుడు ఎనిమిది. మిగతా నాలుగు యాడికి పోతా ఉండాయి?" అంది.

"ట్యాంకు కారతా ఉండాదేమో చూస్తానక్కా" అన్నాను.

"కారితే కింద మడుగు కట్టదా? నేనేమీ అనటం లేదు. అన్నయ్యగారు పెద్దమనిషి, మా పిల్లకి మామ. ఆయన్ని నేనొక మాటంటానా? డీజిల్ మాత్రం పోతా ఉండాది."

ఆమె గొంతు పడవ మీద నుంచి ఒడ్డుకు వినిపించే గొంతు. పదడుగులు ఒక దూరమా? ఆయన చెవులు ఎర్రబడ్డాయి. టైరు చూడడం మాత్రం మానలేదు.

రెండు రోజులు బండిని నా దగ్గర ఉంచుకున్నాను. నాజిళ్ళు విప్పి ప్రెషర్ సరిచేశాను, ట్యాపెట్లు సర్దాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ఒక చక్రం బ్రేకు పట్టుకుంటుంటే వదులు చేశాను. టైర్లలో గాలి సరిచూశాను. మైలేజీ కోసం ఏమేం చూడాలో అన్నీ చూశాను. చూశాననే అనుకున్నాను. బండి తీసుకుపోవడానికి వచ్చిన పెద్దామె, "ఇంక లోపమేం లేదు గదా?" అని అడిగింది.

అక్కడ నా నోరు ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. "బండిలో ఇంక లోపం లేదక్కా. ఉంటే డ్రైవరు కాలు బరువులోనే ఉండాల" అన్నాను. నవ్వులాటకు అన్న మాట. మెకానిక్కు నవ్వుతూ అన్న మాటకు కూడా జనం డాక్టరు చీటీ అంత విలువ ఇస్తారని నాకప్పటికి తెలియదు.

పది రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం ఆయన ఒక్కడే వచ్చాడు. చేపలు దించేసి, ఆడవాళ్ళను బస్సెక్కించి, ఖాళీ బండితో వచ్చాడు. ఇంజను ఆపి దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మేస్త్రమ్మా, ఆయిలు మార్చు. రేపు తాళాలు చెల్లెమ్మకి ఇచ్చేస్తా ఉండా. నా చేతిలోంచి పోయేటప్పుడు బండి శుభ్రంగా పోవాల."

"అదేందన్నా, ఎందుకు?"

"బండిలో లోపం లేదని నువ్వే చెప్పినావు గదా. ఇంక లోపం ఎవురిలో ఉన్నట్టు? ఇంట్లో కోడలు నా ముఖం చూడలేక తల వంచుకొని అన్నం పెడతా ఉండాది. వాళ్ళమ్మ వైపు మాట్లాడలేదు, నా వైపు మాట్లాడలేదు. ఆ పిల్లనెందుకు చంపేది? నేను దిగిపోతే సరిపోద్ది."

ఏం చేయాలో తోచక ఆయిల్ గేజు కడ్డీ బయటికి లాగాను. ఏ బండిలోనైనా వాడేకొద్దీ ఆయిలు తగ్గుతుంది. ఇందులో గీత దాటి రెండు వేళ్ళు పైకి ఉంది. వేళ్ళ మధ్య రుద్ది చూస్తే నీళ్ళలాగా పలచన. వాసన చూస్తే డీజిల్. నాలుగు కిలోమీటర్ల దొంగ అక్కడ దాక్కుని ఉన్నాడు. కొంత డీజిల్ ఇంజన్లోనే కిందికి దిగి ఆయిల్లో కలుస్తోంది. కొంత కాలకుండానే పొగ గొట్టంలోంచి పోతోంది.

కానీ ఎందుకు? అప్పుడే రేడియేటర్ పైపు మీద చెయ్యి పడింది. ఏప్రిల్ ఎండలో నెల్లూరు నుంచి వచ్చిన బండి. ఆ పైపు ముట్టుకుంటే బొబ్బ ఎక్కాలి. చంటిబిడ్డకు పోసే నీళ్ళలాగా గోరువెచ్చగా ఉంది. కేబిన్లోకి తొంగిచూశాను. వేడి చూపించే ముల్లు అడుగున పడుకుని ఉంది.

"అన్నా, ఈ ముల్లు ఎప్పుడూ ఇట్టానే ఉంటాదా?"

ఆయన ముఖంలో ఆ రోజుకి మొదటిసారి కొంచెం వెలుగు వచ్చింది. "నేను దాన్ని లేవనిస్తేనా?" అని బండి ముందుకు తీసుకుపోయి చూపించాడు. గ్రిల్లు వెనకాల, రేడియేటర్ ముందర ఒక గోనెసంచి. అందులో ఐసుముక్కలు. పొద్దున చేపలకు సర్దగా మిగిలిన ఐసు ఆయన రోజూ ఇంజనుకు పెడుతున్నాడు. అది కరిగిపోతే మార్కెట్టులో ఇంకొంచెం అడిగి పెట్టుకుంటున్నాడు. నాకు బండి అప్పజెప్పిన రోజు సంచి తనతోనే తీసుకుపోయాడట.

"చేప చెడేది దేనికి? వేడికి. ఇంజనూ అంతే గదా. కొన్న మొదటిరోజు నుంచీ పెడతా ఉండాను. ఈ ఇంజను నా మనవడి కాలానికి కూడా ఉంటాది చూడు."

నవ్వు ఆపుకోలేకపోయాను. పడవ ఇంజనుకు సముద్రమంతా చల్లదనమే, బుట్టలో చేపకు ఐసే ప్రాణం. ఆ రెంటి మధ్య పుట్టి పెరిగిన మనిషి ప్రేమ ఇలాగే ఉంటుంది. "ఇంజను చేప కాదన్నా. పొయ్యి" అన్నాను. "మండే కట్టెల మీద నీళ్ళు చల్లతా వండితే ఏమయిద్ది? కట్టెలు రెండింతలు పడతాయి, అన్నం ఉడకదు. డీజిల్ సగమే కాలి, మిగతాది ఆయిల్లో దిగతా ఉండాది. ఆయిలు పలచనైతే ఇంజను అరిగిపోద్ది. నీ మనవడి దాకా ఎందుకు, వచ్చే ఏటికే పోద్ది."

ఆయన సంచి కింద పెట్టేశాడు, పసిబిడ్డను దించినట్టు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను.

ఎందుకంటే, ఒక్క ఐసు సంచి ఇంజనును అంత చల్లగా ఉంచలేదు. రేడియేటర్ నీళ్ళు ఇంజన్లోకి పోయే దారిలో థర్మోస్టాట్ అని ఒక చిన్న తలుపు ఉంటుంది. ఇంజను వేడెక్కేదాకా అది మూసుకునే ఉంటుంది. బయట మంచుకొండ పెట్టినా లోపలికి రానివ్వదు. ఈ బండిలో ఆ తలుపు లేదు. పోయిన ఎండాకాలం ఫ్యాను బెల్టు తెగి బండి ఒకసారి ఉడికిపోతే, మళ్ళీ ఉడకకుండా ఉంటుందని దాన్ని తీసి పారేసింది నేనే. ఆ ఎండాకాలం వచ్చిన బండ్లన్నిటికీ అదే వైద్యం చేశాను. అందరూ చేసేవాళ్ళు, నేనూ చేశాను. మొన్న బండిని రెండు రోజులు విప్పి చూసినప్పుడు కూడా అది తప్పని తట్టలేదు కాబట్టి, అది లేదన్న సంగతే గుర్తు రాలేదు.

ఆయనకు చెప్పాను. ఆయన తలగుడ్డ చుట్టుకుంటూ, "ఐసు సంగతి చెప్పు. ఆ తలుపు సంగతి చెల్లెమ్మకి చెప్పబాక" అన్నాడు. "ఆడమనిషి షెడ్డు. మార్కెట్టులో తెలిస్తే మళ్ళా ఒక్క బండి రాదు. నేనెట్టాగూ దిగిపోయేవాడినే."

ఆ మాట నాకు నచ్చింది. సిగ్గు విడిచి చెపుతున్నాను, చాలా నచ్చింది. ఆయిలు మార్చి, తాళాలు ఇచ్చేది రెండు రోజులు ఆపమని చెప్పి ఆయన్ని పంపేశాను. ఆ సాయంత్రమే గూడూరు పోయి కొత్త తలుపు కొన్నాను. గిన్నెలో నీళ్ళు కాచి, దాన్ని దారం కట్టి వేలాడదీశాను. నీళ్ళు మరగబోయే ముందు నోరు తెరిచింది. మంచిదే. ఇది గుట్టుగా పెట్టేసి, తప్పంతా ఐసు మీదికి తోసేస్తే డ్రైవరుకు దొంగ పేరు పోతుంది, నాకు షెడ్డు మిగులుతుంది అనుకున్నాను.

రెండు రోజులకు, చేపల లోడుతో నెల్లూరు పోతూ నలుగురూ మా షెడ్డు దగ్గర ఆగారు. నేనే కబురు పెట్టాను. మైలేజీ చూడ్డానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. లీటరు నీళ్ళ సీసాలో డీజిల్ పోసి, ట్యాంకు పైపు తీసేసి ఇంజనుకు ఆ సీసా నుంచే డీజిల్ ఇస్తాము. ఇంజను నుంచి వెనక్కొచ్చే పైపు కూడా సీసాలోకే పెట్టాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. సీసాను కేబిన్లో వైరుతో కడతానంటే పెద్దామె ఒప్పుకోలేదు. "నా వొళ్ళో పెట్టు. నా కళ్ళముందే తగ్గాల" అంది. కిటికీ పక్కన ఆమె, స్టీరింగు దగ్గర ఆయన, మధ్యలో నేను. మిగతా ముగ్గురూ వెనకాల చేపల పెట్టెల మీద.

మొదట బండిని ఉన్నదున్నట్టే, ఐసు సంచితో సహా నడిపించాను.

"అమ్మణ్ణీ, అన్నయ్యగారిని మెల్లిగా పొమ్మను. సీసా వొలుకుతా ఉండాది" అంది పెద్దామె.

"మేస్త్రమ్మా, నేను పోయేది నలభై మీదని చెల్లెమ్మకి చెప్పు. ఇంతకంటే మెల్లిగా అంటే దిగి తోయాల" అన్నాడాయన.

"తోసేదానికి వెనకాల ముగ్గురు ఉండారని చెప్పు."

"ఆ ముగ్గురి బరువుకే బండి మూలగతా ఉండాదని చెప్పు."

ఆ ఇద్దరి మధ్య జానెడు దూరం. ఆ జానెడులో నేను. ఎనిమిదో కిలోమీటరు రాయి దాటగానే సీసా అడుగుకొచ్చింది. పెద్దామె సీసా ఎత్తి చూపించింది. "ఎనిమిది. అన్నయ్యగారి కళ్ళముందే, నా వొళ్ళోనే. దీంట్లో ఎవురూ చెయ్యి పెట్టలేదని నేను ఒప్పుకుంటా ఉండా."

అంటే దొంగ ఆయన కాదని అప్పుడే తేలిపోయింది. కారణం మాత్రం తేలలేదు.

చెట్టు నీడన బండి ఆపించాను. ఐసు సంచి తీసి కింద పెట్టాను. తలుపు బిగించాలంటే మామూలుగా ఇంజను చల్లారేదాకా ఆగాలి. ఇది ఎప్పుడూ చల్లగానే ఉంది గనక ఆగే పని లేకపోయింది. బోనెట్ కింద ఏదో సర్దుతున్నట్టు వాళ్ళకు వీపు అడ్డం పెట్టి, పావుగంటలో కొత్తది బిగించి, నీళ్ళు నింపి, పైపుల్లో చిక్కిన గాలి తీసేసి వచ్చాను.

ముందు కొంతదూరం ట్యాంకు మీదే పొమ్మన్నాను, ఇంజను వేడెక్కాలని. రెండు కిలోమీటర్లకు ముల్లు కదిలింది. మూడో కిలోమీటరుకు సగం దాకా లేస్తోంది. ఆయన యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసేశాడు.

"మేస్త్రమ్మా, లేస్తా ఉండాది."

"లేవనీ."

"పగిలిపోద్ది. నేను ఆపుతా ఉండా."

"ఆపొద్దన్నా. నడుపు."

గట్టిగా అన్నాను గానీ నా గుండె కూడా ఆ ముల్లు మీదే ఉంది. అది మధ్యలో ఆగకపోతే ఇంజను పోతుంది, దాంతో నా పేరూ పోతుంది. ముల్లు మధ్య గీతకు వచ్చింది. అక్కడ నిలబడింది. ఇంకో కిలోమీటరు పోయినా నిలబడే ఉంది. ఇంజను శబ్దం కూడా మారింది, దగ్గు తగ్గిన మనిషి గొంతులాగా. అప్పుడు బండి ఆపించి, సీసా మళ్ళీ నింపి పెట్టాను. ఎనిమిదో రాయి దాటింది, పది దాటింది. పెద్దామె సీసా మీద నుంచి కన్ను తీయలేదు. పన్నెండో రాయి దగ్గర, అడుగున ఇంకా రెండు వేళ్ళు డీజిల్ ఉండగా, నెల్లూరు శివార్లలో బండి ఆపించాను.

"చూసినావా అక్కా? తప్పంతా ఐసుది. పాపం అన్న ప్రేమతో పెట్టినాడు" అన్నాను.

ఆమె సీసా పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "అమ్మణ్ణీ, ఐసు నేనూ రోజూ చూస్తా ఉండాను. కొన్న కాడ నుంచీ పెడతా ఉండాడు. పోయినేడు కూడా పెట్టినాడు. అప్పుడు పన్నెండు ఎట్టా ఇచ్చింది?"

పిల్లలూ, చేపల బేరం చేసే మనిషి ముందు అబద్ధం చెప్పకండి. మొప్ప ఎత్తి చూడకుండా వాళ్ళు దేన్నీ కొనరు.

నేను నోరు తెరిచేలోపే డ్రైవరన్న ముందుకొచ్చాడు. "పాత బండి గదా చెల్లెమ్మా, లోపల ఏదో సామాను రాలిపోయుంటాది. మేస్త్రమ్మ చూసి పెట్టింది." ఆయన ఆమెతో నేరుగా మాట్లాడింది ఆ రోజుకి అదే మొదటిసారి. అదీ నా కోసం. దొంగ అని పేరు మోస్తున్న మనిషి నా తప్పుకు చాప కప్పుతున్నాడు. అంతవరకూ నచ్చిన మాట ఇక గొంతు దిగలేదు.

"రాలిపోలేదక్కా. నేను పీకేసినాను" అన్నాను. ఎప్పుడు పీకానో, ఎందుకు పీకానో, అది తెలియకుండా ఆయన కాలి మీద నింద ఎట్లా వేశానో అంతా చెప్పాను. వెనకాల పెట్టెల మీది ముగ్గురూ కిందికి వంగి విన్నారు.

"నెలల తరబడి మా వియ్యంకుణ్ణి నేను చూడరాని చూపు చూసినా. నువ్వేమో నట్టు బిగించి పోయినావు" అంది పెద్దామె. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన తాళాలు తీసి ఆమె సీటు మీద పెట్టి దిగాడు. "నిజం తేలింది గదా, చాలు. మాట పడినాక మళ్ళా ఎక్కలేను చెల్లెమ్మా. ఇంకొకర్ని చూసుకో."

వెనకాల పెట్టెల్లోంచి ఐసు నీళ్ళు ధారగా కారుతున్నాయి. మార్కెట్టు టైము దాటిపోతోంది. పెద్దామె కిందికి దిగి ఆయన ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యా, తప్పు నాదే. కాళ్ళు పట్టుకుందామంటే మోకాళ్ళు వంగవు. వంగినా లేవను, నువ్వే లేపాల. దాని బదులు బండెక్కు."

ఆయన తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"ఈ మాట కోడలి ముందర అంటావా?"

"నీ కోడలి ముందర అంటా, నీ పెళ్ళాం ముందర అంటా. నెల్లూరు మార్కెట్టు నడిమధ్యన అంటా. ముందు చేపలు దించనీ."

ఆయన బండెక్కాడు. నన్ను అక్కడే రోడ్డు పక్కన దించేసి పోయారు. ఎవరూ బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పలేదు.

ఆమె మాట మీద నిలబడే మనిషి. వియ్యంకుడి నిజాయితీ మార్కెట్టులో నలుగురికీ వినపడేట్టు చెప్పింది. దాంతోపాటు నా సంగతి కూడా చెప్పక తప్పదు గదా. మరుసటి పొద్దున షెడ్డు తీసేసరికి నాలుగు చేపల బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి, నాలుగింటి బోనెట్లూ ఎత్తి. మొదటి బండి డ్రైవరు చేతులు కట్టుకుని అడిగాడు.

"అక్కా, మా దాంట్లో ఆ తలుపు ఉంచినావా, పీకినావా?"

"పీకినా నాయనా" అన్నాను. "జరుగు, పెట్టిస్తా."